మూత్రపిండ వ్యాధియు ధాన్యాహారమును

కొన్ని మాసముల క్రిందట మా మేనమామగారు నాకొక కాగితమును చూపిరి. వారిది ఇచ్ఛాపురము ప్రాంతము. చిన్న కొబ్బరితోటయు, దాని నడుమ పెంకుటిల్లును గలవు. మూత్రపిండములు క్రమముగా చెడుచున్నవని తెలిసి అప్పటికి ఏడాది దాటినది. ఒకానొక వైద్యశాలలో వారికిచ్చిన పథ్యపు పట్టిక అది. అచ్చువేసినది, ఎవరో ఇంగ్లీషునుండి తెనిగించినది. వర్జింపవలసిన ధాన్యముల వరుసలో మొట్టమొదట ‘అడవి బియ్యము’ అనియు, పిమ్మట దంపుడు బియ్యము, రాగులు, తవుడు అనియు వ్రాసియున్నది.

“అబ్బాయీ, తక్కినవన్నియు మానివేసితిని. ఈ అడవి బియ్యమేదిరా? నాకు డెబ్బదియేండ్లు దాటినవి; ఎన్నడును దానిని కంట చూడలేదు. తిననిదానిని మానుట యెట్లు?” అని వారడిగిరి.

అప్పటికి నవ్వి ఊరకుంటిని గాని, ఆ ప్రశ్న నన్ను విడువలేదు. దంపుడన్నము చిన్ననాటినుండి తినినవారు అది మానినపిమ్మట సగము తిండి తినుచుండిరి; మనిషి చిక్కిపోయిరి. ఆ కాగితము వారి వంటయింటికొరకు పుట్టినది కాదు. అది యెక్కడ పుట్టినదో, ఏ దారిని నడచి ఉద్దానపు కొబ్బరితోటలలోనికి వచ్చినదో ఈ ప్రసంగమున మనవి చేసెదను.

ముందుగా అడవి బియ్యము మాట. అమెరికా, కెనడా దేశముల సరిహద్దున మహాసరస్సులు గలవు. వాని పరిసరములనుండు లోతు తక్కువ చెరువులలోను, మెల్లగా పారు నదులలోను నీటినుండి పైకిలేచి పెరుగు గడ్డి యొకటి యున్నది. దాని గింజ సన్నమై, పొడవై, నల్లగా నుండును. తెల్లవారు దానికి ‘వైల్డ్ రైస్’ అని పేరు పెట్టిరి. అక్కడి ఆదివాసులైన ఒజిబ్వే జాతివారు దానిని ‘మనోమిన్’ అందురు. వేసవి కడపట ఇద్దరిద్దరుగా దోనెలలో పోవుదురు. ఒకరు గడ వేయుదురు. రెండవవారు ఒక కర్రతో కంకులను దోనెమీదికి వంచి, మరియొక కర్రతో మెల్లగా తట్టుదురు. పండిన గింజలు దోనెలో రాలును. కొన్ని నీటబడి మరుసటి యేటికి విత్తనములగును. తెచ్చిన గింజలను ఎండబెట్టి, వేయించి, మెత్తని తోలుచెప్పులతో త్రొక్కి, భూర్జపు బెరడుతో చేసిన చేటలతో చెరుగుదురు. 1837లో అమెరికా ప్రభుత్వమునకు తమ భూములను వదలుకొనుచు వ్రాసిన సంధిపత్రములో సయితము ఈ గింజలను ఏరుకొను హక్కును ఆ జాతివారు విడువలేదు. 1977లో మిన్నెసోటా రాష్ట్రము దీనిని తన రాష్ట్రధాన్యముగా ప్రకటించినది.

వృక్షశాస్త్రజ్ఞుల లెక్కలో ఇది వరియే కాదు. మన వరి ఒరైజా జాతిది. ఇది జిజేనియా అను వేరొక జాతి. ఇక మనకు నిజముగా అడవి బియ్యమన దగినది నివ్వరి, అనగా నీవారము. శాకుంతలములో కణ్వాశ్రమపు చెట్లక్రింద చిలుకల నోళ్లనుండి రాలిపడియుండునది ఈ గింజయే. చరకసంహితలోని ధాన్యవర్గమున శ్యామాకముతోబాటు దీని పేరును గలదు. 1965లో శాస్త్రజ్ఞులు దీనికి ‘ఒరైజా నివారా’ అని సంస్కృతనామమునే స్థిరపరచిరి. పట్టికను తెనిగించిన పుణ్యాత్ముడు ఈ భేదము నెరుగడు. ‘వైల్డ్’ అనిన అడవి, ‘రైస్’ అనిన బియ్యము, పని ముగిసినది!

అయినను అసలు ప్రశ్న మిగిలియే యున్నది. మిన్నెసోటా చెరువులలోని గింజకును, మన దంపుడు బియ్యమునకును, మూత్రపిండములకును వచ్చిన వైరమేమి?

ఈ కథ లండను నగరమున గై వైద్యశాలలో ఆరంభమైనది. అచ్చట రిచర్డు బ్రైటు అను వైద్యుడు, ఒడలెల్ల ఉబ్బి వచ్చు రోగులను శ్రద్ధతో పరిశీలించుచుండెను. అతని పరికరములు చెంచాయు, కొవ్వొత్తియు. రోగి మూత్రమును చెంచాలో పోసి మంటపై కాచినప్పుడు, కొందరి విషయమున అది కోడిగ్రుడ్డులోని తెల్లసొనవలె గడ్డకట్టెడిది. అట్టివారు మరణించినపిమ్మట శవపరీక్ష చేయగా మూత్రపిండములు చెడియుండెడివి. 1827లో బ్రైటు ఈ విషయమును గ్రంథరూపమున ప్రకటించెను. ఆ వ్యాధికి నూరేండ్లకు పైగా ‘బ్రైటు జబ్బు’ అనియే పేరు. రెండేండ్లలోనే ఎడింబరోలోని క్రిస్టిసన్ అట్టి రోగుల రక్తమున యూరియా పెరుగుచున్నదని చూపెను. యూరియా అనునది మనము తిను మాంసకృత్తులు దేహమున ఖర్చయినపిమ్మట మిగులు వ్యర్థము. దానిని బయటికి త్రోయుట మూత్రపిండముల పని. త్రోయు శక్తి తగ్గినప్పుడు పుట్టు వ్యర్థమునే తగ్గింపవలదా? ఈ యోచనయే తరువాతి పథ్యములన్నిటికిని మూలము. మాంసమును తగ్గించిరి, పాలమీదనుంచిరి, పడకనుండి లేవనీయకుండిరి. ఫలము స్వల్పము.

ఇక్కడ బియ్యము రంగమున ప్రవేశించును. అప్పటికి బియ్యమునకు పాశ్చాత్యవైద్యులలో మంచిపేరు లేదు. 1890 ప్రాంతమున జావా ద్వీపమున ఐక్మన్ అను డచ్చి వైద్యుడు, మెరుగుబియ్యము తిను కోళ్లకు కాళ్లు పడిపోవుటయు, తవుడుతో గూడిన బియ్యము పెట్టగా తేరుకొనుటయు కనిపెట్టెను. బెరిబెరి రహస్యము దానినుండి వెలువడినది. 1929లో అతనికి నోబెల్ బహుమానము లభించినది. తెల్లబియ్యము దోషి, తవుడు రక్షకుడు. ఆనాటి తీర్పు అది.

పదియేండ్లు గడవకమున్నే తీర్పు తారుమారైనది. వాల్టరు కెంప్నరు బెర్లినులో 1903లో జన్మించిన యూదు వైద్యుడు. తల్లిదండ్రులిరువురును సూక్ష్మజీవిశాస్త్రజ్ఞులు. నాజీల పాలన వచ్చుటతో దేశము విడిచి, 1934లో అమెరికాలోని ఉత్తర కరోలినాకు వచ్చి డ్యూకు విశ్వవిద్యాలయమున చేరెను. చెడిన మూత్రపిండమునకు మాంసకృత్తులు, ఉప్పు రెండును బరువేయని అతని నమ్మకము. ఆ రెండును మిక్కిలి తక్కువగా నుండి, కడుపు నిండించునట్టి ఆహారమేది? అతడెన్నుకొన్నది బియ్యము. దినమునకు 250 మొదలు 350 గ్రాముల బియ్యము, పండ్లు, పండ్లరసములు, చక్కెర, ఇంతే. మాంసకృత్తులు 20 గ్రాములు మించవు. ఉప్పు చిటికెడైనను లేదు. బెరిబెరి భయము తీర్చుటకు విటమినుల మాత్రలను చేర్చెను. 1939లో ఈ చికిత్స మొదలిడెను.

ఆ దినములలో రక్తపుపోటునకు చాలిన మందులు లేవు. 1945 ఏప్రిలులో అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు మెదడులో రక్తనాళము చిట్లి మరణించినప్పుడు, దేశమునకెల్ల అధిపతియైనవానికే వైద్యులు చేయగలిగినది స్వల్పమని లోకమునకు తెలిసినది.

1942లో కెంప్నరువద్దకు ముప్పదిమూడేండ్ల స్త్రీ యొకతె వచ్చినది. మూత్రపిండములు చెడి, కంటిలోపలి నాళములు చిట్లియుండెను. రెండు వారములు బియ్యపు పథ్యమునుండి తిరిగి రమ్మని కెంప్నరు చెప్పెను. అతని ఇంగ్లీషులో జర్మను యాస దట్టము. ఆమెకు రెండు నెలలని వినబడినది! రెండు నెలలు నిష్ఠగా బియ్యము, పండ్లు మాత్రమే తిని తిరిగివచ్చినది. కీడు జరిగియుండునని భయపడిన వైద్యుడు పరీక్షింపగా రక్తపుపోటు దిగియుండెను. కంటిలోని రక్తపుమరకలు మాసియుండెను. పెరిగిన గుండె కుంచించియుండెను. అంతవరకు కొలది దినములే పెట్టవచ్చుననుకొన్న పథ్యమును నెలల తరబడి పెట్టుటకు కెంప్నరునకు ధైర్యము వచ్చినది. 1944 మొదలు అతడు తన ఫలితములను ప్రకటింపసాగెను. డర్హాము పట్టణమున రోగులు బసచేసి భుజించుటకు ‘రైస్ హౌసు’లను ఇండ్లు వెలసినవి.

ఒక్క మాట. బియ్యము తినువారమగుటచే మనమీ కథ విని గర్వపడుట సహజము. కాని కెంప్నరు బియ్యమున పప్పుచారు లేదు, ఊరగాయ లేదు, మజ్జిగలో ఉప్పురాయి లేదు. అన్నమును ఆధారముగా చేసికొని దానిపై మనము వేయు దానితోనే మన భోజనము నడచుచున్నది. ఆ పథ్యమును ఓర్చుట అమెరికావారికే కాదు, మనకును దుర్లభమే. మరియు అతడు కొందరికి ఈ పథ్యమునిచ్చి కొందరికీయక ఫలితములను సరిపోల్చి చూపలేదని తోటి వైద్యులు ఆక్షేపించిరి. ఆ యాక్షేపణ న్యాయమైనదే. 1950ల కడపట మూత్రమును జారీచేయు మందుబిళ్లలు రాగానే రక్తపుపోటుకొరకు బియ్యపు పథ్యమును పట్టువారు తగ్గిరి. కెంప్నరు 1997 వరకు జీవించెను.

ఇదే కాలమున కాలిఫోర్నియాలో థామస్ యాడిస్ అను వైద్యుడు మరియొక మార్గమున ఇదే యోచన చేయుచుండెను. 1941లో రసాయనశాస్త్రజ్ఞుడు లైనస్ పౌలింగు బ్రైటు జబ్బుతో అతనిని ఆశ్రయించెను. ఉప్పు లేని, మాంసకృత్తులు తక్కువైన భోజనమును యాడిస్ విధించెను. పౌలింగు ఆ పిమ్మట రెండు నోబెల్ బహుమతులు పొంది, 1994లో తొంబదిమూడేండ్లకు మరణించెను.

యుద్ధకాలమున హాలండులో కోల్ఫ్ కృత్రిమ మూత్రపిండమును నిర్మించెను. 1945లో మొదటి రోగి దానివలన బ్రదికినది. మరల మరల వాడుటకు వీలగు సాధనము 1960లో సియాటిల్ నగరమున స్క్రిబ్నరు చేత వచ్చినది. కాని యంత్రములు వ్రేళ్లపై లెక్కించునన్ని, రోగులు వేలు. యంత్రము దొరకనివారి నేమి చేయవలెను? ఇటలీలో 1963లో జోర్డానోయు, 1964లో జొవనెట్టి, మాజ్జోరెలును దీనికి సమాధానము వెదకిరి. మాంసకృత్తులు దినమునకు 20 గ్రాములే. ఆ కొలదియు కోడిగ్రుడ్డువంటి శ్రేష్ఠమైన వానినుండియే రావలెను. ధాన్యములలోని మాంసకృత్తులు హీనమైనవని వారి మతము. కాబట్టి గోధుమపిండినుండి మాంసకృత్తులను కడిగివైచి, మిగిలిన గంజిపొడితో సేవియలు చేయించి పెట్టిరి. కెంప్నరు సింహాసనమెక్కించిన ధాన్యమును పీసా నగరము దింపివేసినది. దానివలన కొందరికి వాంతులు, దురదలు తగ్గి, ఆయువు కొన్ని మాసములు పెరిగిన మాట నిజమే.

పిమ్మట వచ్చినది భాస్వరపు కాలము. ఈ ఘట్టమున మన తెలుగువాని చేయి యున్నది. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో అమెరికాకు పోయి, హార్వర్డులో ఫిస్కె అను ఆచార్యునితో కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టి 1925లో ప్రకటించిరి. మాలిబ్డినమ్ లవణములతో భాస్వరము కలిసినప్పుడు నీలివర్ణము వచ్చును. నీలిమ యెంత గాఢమో భాస్వరము అంత. అంతకు ముందరి పద్ధతులతో పోల్చిన ఇది సులభము, నిక్కము. లోకమునందలి ప్రయోగశాలలన్నియు దశాబ్దముల తరబడి దీనిని వాడినవి. ఆహారమును కాల్చి, బూడిదను కరిగించి, అందులోని భాస్వరమును కొలుచుటకును ఇది పనికివచ్చినది.

1970ల తొలినాళ్లలో సెయింట్ లూయిస్ నగరమున స్లటోపోల్స్కీయు, ఆయన సహచరులును కుక్కలపై ప్రయోగములు చేసి, మూత్రపిండములు చెడినప్పుడు రక్తమున నిలిచిపోవు భాస్వరము ఎముకలను గుల్లచేయు వ్యవహారమునకు మూలమనియు, ఆహారమున దానిని తగ్గించిన ఆ కీడును నివారింపవచ్చుననియు చూపిరి. భాస్వరమును కడుపులోనే పట్టివేయుటకు అల్యూమినియపు మందులిచ్చిరి. ఆ అల్యూమినియమే కొందరి ఎముకలకు, మెదడునకు చేటు తెచ్చినదని ఆ దశాబ్దముననే తేలినది. మందు వికటించుటతో పథ్యముపై పట్టుదల మరింత హెచ్చినది. పట్టికలు పుట్టినవి. వండిన 100 గ్రాములలో తెల్లబియ్యమున భాస్వరము సుమారు 40 మిల్లీగ్రాములు. దంపుడు బియ్యమున 80కి పైబడును. వైల్డ్ రైసున సుమారు 80. పొటాషియము తెల్లబియ్యమున సుమారు 35, వైల్డ్ రైసున సుమారు 100. అంకెలు చూచిన తీర్పు స్పష్టము: తెల్లనిది తినుము, ముడిది మానుము. మా మేనమామగారి కాగితము ఇక్కడ పుట్టినది. అమెరికా అంగళ్లలో వైల్డ్ రైసు అమ్మకమునకు దొరకును గనుక అది పట్టికలోనికెక్కినది.

ఈ అంకెలలో అసత్యము లేదు. కాని ప్రయోగశాలలో గింజ కాలి బూడిదయగును. మన కడుపులో గింజ కాలదు. గింజలోని భాస్వరమున అధికభాగము ఫైటిక్ ఆమ్లమను రూపమున తవుడులో బంధింపబడియుండును. మొలకెత్తునాడు మొక్కకు కావలెనని గింజ దాచుకొన్న మూట అది. ఆ ముడిని విప్పు రసము పశువుల కడుపులోని సూక్ష్మజీవులకు గలదు; మనుష్యుని ప్రేవులలో చాలినంత లేదు. అందుచేత ధాన్యములు, పప్పులలోని భాస్వరమున సాధారణముగా సగమునకు తక్కువయే మన రక్తమున చేరును. డబ్బీ మాంసములలోను, నల్లని శీతలపానీయములలోను నిలువకొరకో రుచికొరకో కలుపు ఫాస్ఫేటులన్ననో దాదాపు పూర్తిగా చేరును. 2011లో ఇండియానా విశ్వవిద్యాలయమువారు తొమ్మండుగురు రోగులకు ఒక వారము మాంసము, పాలు ప్రధానమైన భోజనమును, మరియొక వారము ధాన్యములు, సోయా ప్రధానమైన శాకాహారమును పెట్టిరి. కాగితముపై భాస్వరము రెంటను సమానము. రక్తమునందన్ననో, శాకాహారము తినిన వారము తక్కువ. తొమ్మండుగురు చాల కొలదిమంది యనుట నిజమే. కాని ఫైటిక్ ఆమ్లమును గూర్చి రసాయనజ్ఞు లెరిగినదానికి ఇది సరిపోయినది. 2020లో అమెరికా వైద్యసంఘములు వెలువరించిన నియమములలో భాస్వరము ఎంతయనుటతోబాటు ఎచ్చటినుండి వచ్చినదియు చూడవలెనని చేర్చిరి.

దీనినిబట్టి తవుడును దోసిళ్లతో తినవచ్చునని శ్రోతలు తలపరాదు. ధాన్యమును మొలకెత్తించినను, పులియబెట్టినను ఆ ముడి కొంత విడిపోవును. మొలకకట్టిన రాగుల జావలోని భాస్వరము మామూలు రాగిసంకటిలోనిదానికంటె సులభముగా రక్తమున చేరును. పొటాషియమునకు ఇట్టి ముడియే లేదు. రక్తమున పొటాషియము పెరిగినవారికి ఏ ధాన్యమైనను కొలతకు లోబడవలసినదే. అది గుండెకు సంబంధించిన ప్రమాదము. రక్తపరీక్ష చూచిన వైద్యుడే చెప్పవలెను.

మనోమిన్ తిను ఒజిబ్వే జాతివారి మాటయు కొంత వినదగినది. భూములు పోయి, ప్రభుత్వమిచ్చు మైదా, పంది కొవ్వు, చక్కెరలపై బ్రదుకవలసివచ్చిన అమెరికా ఆదివాసులలో మధుమేహము ప్రబలి, దానివెంట మూత్రపిండముల వ్యాధి వచ్చినది. 1996 మొదలు 2013 వరకు గల కాలమున, ఊరూర మధుమేహ చికిత్సను చక్కబరచుటచే, మధుమేహమువలన మూత్రపిండములు పూర్తిగా చెడుట ఆ జాతులన్నిటిలో కలిపి నూటికి 54 వంతులు తగ్గినదని అచ్చటి ప్రభుత్వపు లెక్క. తాతలనాటి గింజను వారు రోగము తెచ్చినదానిగా గాక, రోగమునకు ముందున్న తిండిగా తలచుచున్నారు. అట్టి గింజ, మూత్రపిండములు చెడినవారు మానవలసిన వస్తువుల పట్టికలో మొదట నిలిచినది!

ఉద్దానమున సంగతి వేరు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో మధుమేహము లేనివారికిని మూత్రపిండములు చెడుచున్నవి. నీటిని, ఎండలో శ్రమను, పురుగుమందులను పరిశోధకులు పరీక్షించిరి. కారణమిదియని ఇంకను తేలలేదు. 2023లో పలాసలో దీనికై ప్రత్యేక పరిశోధనాలయమును, వైద్యశాలయును తెరచిరి. కారణము తెలియని చోట పథ్యము మరింత కఠినమగుచుండును. వైద్యునికి చేతనైనది అదియే గనుక.

మేనమామగారిని వెంటబెట్టుకొని వేరొక వైద్యునివద్దకు పోతిని. ఆయన రక్తపరీక్షల కాగితములను తిరుగవేసి చూచెను. భాస్వరము హద్దులోనే యున్నది. పొటాషియము హెచ్చుగా నున్నది. పిమ్మట పథ్యపు పట్టికను చదివి, అన్నమును గూర్చి ఒక్క మాటయు అడుగక,

“పెద్దాయనా, అన్నములో నేమి కలుపుకొనుచున్నారు?” అనెను.

“ఆవకాయ.”

“పులుసులోనికి?”

“ఎండుచేప. ఎండుచేపలేని పులుసు పులుసా!”

“ఎండలో తిరిగి వచ్చినప్పుడు దాహమునకేమి త్రాగుదురు?”

“తోట యుండగా కొనవలెనా బాబూ? రెండు బొండాలు కొట్టించుకొందును.”

ఈ మూడింటిలో ఒక్కటియు ఆ పట్టికలో లేదు. అది వ్రాసినవారి దేశమున ఎవరికిని కొబ్బరితోట లేదు కాబోలు. మొదటి రెంటిలో ఉప్పు, మూడవదానిలో పొటాషియము. వైద్యుడు కలము తీసి ‘అడవి బియ్యము’ అను మాటను కొట్టివైచెను. దంపుడు బియ్యమును కొట్టివేసి ప్రక్కన ‘వెనుకటి కొలతలో సగము, నెలకొకసారి రక్తపరీక్ష’ అని వ్రాసెను. అడుగున పెద్ద అక్షరములతో ఊరగాయ, ఎండుచేప, కొబ్బరినీరు అని మూడు మాటలు చేర్చి కాగితమును తిరిగి ఇచ్చెను.

మేనమామగారు దానిని రెండుమారులు చదువుకొని, మడిచి జేబులో పెట్టుకొనిరి. బండి యెక్కిన చాలసేపటికి గాని నోరు విప్పలేదు. “అబ్బాయీ, ఆ అడవి బియ్యము మానుటయే సుఖముగా నుండెనురా,” అనిరి.